బరువు మోసే స్టూడియో బల్లకు ఏ చెక్క, ఎంత మందం?

ప్రశ్న: మాది భీమవరం. ఇంట్లో ఒక గదిని చిన్న రికార్డింగు గదిగా మార్చుకొని భక్తిగీతాలకు, పెళ్లి వీడియోలకు సంగీతం చేస్తుంటాను. 88 మెట్ల కీబోర్డు 22 కిలోలు, మిక్సర్ 14 కిలోలు, స్పీకర్లు రెండూ కలిపి 20 కిలోలు, కంప్యూటర్ తెరలు రెండూ 12 కిలోలు, ర్యాకులో బిగించే ఆంప్లిఫయర్లు వగైరా మరో 25 కిలోలు ఉన్నాయి. వీటన్నిటికీ ఐదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న బల్ల సొంతంగా చేసుకోవాలని ఉంది. ఒక కొట్టులో ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో ఒత్తి చేసే బోర్డు) అన్నారు, మరో కొట్టులో మెరైన్ ప్లైవుడ్ అన్నారు, మా పెదనాన్నగారేమో టేకు తప్ప మరేదీ ఆగదంటున్నారు. స్పీకర్ పెట్టెలే ఎండీఎఫ్‌తో చేస్తున్నప్పుడు బల్లకు మాత్రం అది ఎందుకు పనికిరాదో కూడా చెప్పగలరా? (ఒక పాఠకుడు, భీమవరం)

జవాబు: మీరు రాసిన బరువులన్నీ కూడితే 93 కిలోలు వస్తుంది కాని, అందులో ర్యాకు సామాను పక్కన నేల మీద నిలిచే పెట్టెలోకి, కీబోర్డు కింది అరలోకి పోతాయి కనుక పై పలక మీద పడేది 46 కిలోలే. మోచేతులు ఆనించి ముందుకు వాలే అలవాటు అందరికీ ఉంటుంది కాబట్టి లెక్కకు 60 కిలోలు అనుకుందాం. ఈ బరువుకు ఏ చెక్కా విరగదు. సమస్య విరగడం కాదు, నడుము వంగడం. ఐదడుగుల 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకను రెండు చివరల మాత్రమే ఆనించి దాని మీద 60 కిలోలు సమంగా పరిస్తే మధ్యలో సుమారు 13 మిల్లీమీటర్లు, అంటే అర అంగుళం, దిగుతుంది. ఎండీఎఫ్ అయితే దానికి దాదాపు రెట్టింపు, చెక్క పొట్టును జిగురుతో ఒత్తి చేసే పార్టికల్ బోర్డు అయితే రెండున్నర, మూడు రెట్లు దిగుతుంది. పైగా ఇది మొదటిరోజు లెక్క. చెక్క జాతి పలకలన్నీ ఎడతెగని బరువు కింద నెలల తరబడి మెల్లగా ఇంకా కుంగుతూనే ఉంటాయి. పొడిగా ఉండే గదిలో కూడా ప్లైవుడ్‌లో ఆ వంపు కాలక్రమంలో దాదాపు రెండింతలు కావచ్చు, ఎండీఎఫ్, పార్టికల్ బోర్డులలో మూడింతల దాకా పోవచ్చు. మీ భీమవరం తేమలో ఇది తగ్గదు సరికదా పెరుగుతుంది.

నా మొదటి బల్ల పార్టికల్ బోర్డుదే. కొన్న ఏడాదికి ఈ చివరి నుంచి ఆ చివరికి దారం బిగించి చూస్తే మధ్యలో నా చిటికెనవేలు సులువుగా దూరింది. కీబోర్డు నాలుగు కాళ్లలో రెండే బల్లకు ఆనుతుండేవి, కింది స్థాయి మెట్టు గట్టిగా నొక్కినప్పుడల్లా రెండో చివర టక్కుమని లేచేది. కాబట్టి మీ పెదనాన్నగారి మాటలో కొంత నిజం ఉంది. టేకు పోగు వెంబడి, అంటే చెక్క నార నడిచే దిశలో, ప్లైవుడ్ కంటే ఒకటిన్నర రెట్ల పైచిలుకు బిరుసుగా ఉంటుంది. అయితే ఆ ఒకటిన్నర రెట్ల కోసం పెట్టే డబ్బుతో అంతకు ఎన్నో రెట్ల ఫలితం వేరే దారిలో వస్తుంది.

పలక బిరుసు దాని మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. మందం రెట్టింపైతే వంపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. 19 మిల్లీమీటర్ల పలకలు రెండింటిని జిగురు పెట్టి ఒకే పలకగా అతికిస్తే పైన చెప్పిన 13 మిల్లీమీటర్లు కాస్తా రెండు లోపుకు వస్తాయి. జిగురు లేకుండా ఒకదాని మీద ఒకటి ఊరికే పెడితే మాత్రం ఆరున్నర దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే రెండు పలకలూ ఒకదాని మీద ఒకటి జారుతూ విడివిడిగా వంగుతాయి. పేకకట్ట వంగినట్లు. మధ్యలో ఒక కాలు పెడితే వంపు పదహారో వంతు లోపుకు తగ్గుతుంది, ఇది అన్నిటికంటే చౌకైన మందు. కాని కుర్చీలో కూర్చున్నవాడి మోకాళ్లు ఉండేది సరిగ్గా అక్కడే. కీబోర్డు కూడా నాలుగడుగుల పైన పొడవుంటుంది కనుక ముందువైపు మధ్యకాలు అనే ఆలోచనే మానుకోవాలి. స్టూడియో బల్లకూ మామూలు చదువుల బల్లకూ ఉన్న అసలు తేడా ఇదే.

అందుకని పలకను పడుకోబెట్టి బరువు మోయించడం కాక, నిలబెట్టి మోయించాలి. పెంకుటింట్లో దూలం ఎలా వేసేవారో గుర్తు చేసుకోండి, వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. అదే దూలాన్ని అడ్డంగా పడుకోబెడితే కప్పు ఎప్పుడో కుంగేది. ఆరంగుళాల వెడల్పున్న 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పట్టీని బల్ల వెనక అంచు కింద నిలువుగా బిగిస్తే, ఆ ఒక్క పట్టీ రెండడుగుల వెడల్పున్న మీ పై పలకకు పదిహేను రెట్లు బిరుసు. ముందువైపు అంత లోతు పట్టీ పెడితే మోకాళ్లకు తగులుతుంది కాబట్టి అక్కడ ఇనుప పైపు వేయాలి. 40 మిల్లీమీటర్ల చదరపు పైపు, గోడ మందం రెండు మిల్లీమీటర్లు, అంటే వెల్డింగు షాపులో 14 గేజ్ అని అడగాలి. ఆ పైపు ఒక్కటే మీ ప్లైవుడ్ పలకకు సుమారు ఆరేడు రెట్లు బిరుసుగా ఉంటుంది. మీ బడ్జెట్టు ఎంతో రాయలేదు కాని, డబ్బు పెట్టాల్సిన చోటు ఏదంటే ఈ పైపూ ఈ పట్టీలే అంటాను, పై పలక తరువాతి మాట.

కనుక నా సలహా ఇది. చదరపు పైపుతో ఒక చట్రం వెల్డింగు చేయించి, దాని మీద 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఒక్క పొర పరవండి. ముందూ వెనకా ఐదడుగుల పైపు ఒక్కొక్కటి, నాలుగు కాళ్లు, పక్కలకు పైనా కిందా రెండడుగుల ముక్కలు, పలక కింద అడ్డంగా మరో రెండు ముక్కలు, వెనకవైపు కింద ఒక పొడవు ముక్క. మొత్తం 36 అడుగుల దగ్గర అవుతుంది, పైపు 20 అడుగుల పొడవున వస్తుంది కాబట్టి రెండు పైపులు సరిపోతాయి. ఈ చట్రం మీద అదే 60 కిలోల బరువుకు వంపు ఒక మిల్లీమీటరు లోపే ఉంటుంది. 18 గేజ్ పైపు చౌక అని షాపువారు చెబుతారు, దాని గోడ మందం ఒకటింపావు మిల్లీమీటరే, పనిచేయకపోదు కాని వెల్డింగు దగ్గర కాలిపోయి చిల్లు పడే ప్రమాదం ఎక్కువ.

వంగడం వేరు, ఊగడం వేరు. చాలా ఇళ్లలో బల్ల మొదట చెడేది ఊగడం వల్లనే. కీబోర్డు ఊపుగా వాయిస్తున్నప్పుడు మైకు స్టాండు తలాడిస్తుంటే ఆ చప్పుడు రికార్డింగులోకి వస్తుంది. దీనికి మందం పెంచి లాభం లేదు. వెనకవైపు రెండు కాళ్ల మధ్య ఏటవాలుగా ఒక ఇనుప పట్టీ గాని, మూలల్లో బెత్తెడు త్రికోణపు రేకు ముక్కలు గాని వెల్డింగు చేయిస్తే చాలు. ఖాళీ పైపు తట్టితే మోగుతుంది, ఆ మోత పోవాలంటే కాళ్లలో ఇసుక నింపాలి. గోదావరి ఇసుక మీకు దగ్గరే కదా, దాన్ని జల్లెడపట్టి, ఇనుప మూకుడులో వేయించి, పూర్తిగా చల్లార్చి పోయండి, తడి ఉంటే పైపు లోపలి నుంచి తుప్పు పడుతుంది. మీటరు పైపుకు సుమారు రెండు కిలోలు పడుతుంది. ఇనుప చట్రానికి ఎర్త్ తీగ కలపడం మరచిపోవద్దు, ఇన్ని కరెంటు పెట్టెలు ఆనుకొని ఉండే ఇనుము అది.

ఇక చెక్క సంగతి. మీరుండేది డెల్టాలో, గాలిలో తేమ, గోడలో చెదలు. ప్లైవుడ్‌లో తెలుసుకోవలసిన గుర్తులు రెండే. ఐఎస్ 303 అనేది మామూలు వాడుకకు, ఐఎస్ 710 అనేది మెరైన్ రకానికి భారతీయ ప్రమాణాల సంస్థ ఇచ్చిన సంఖ్యలు. మొదటిదానిలోనే ఎంఆర్ (తేమను మాత్రం తట్టుకునేది) అనే తక్కువ రకం, బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని తట్టుకునేది) అనే మెరుగైన రకం ఉన్నాయి. 710 రకం పలక మరిగే నీటిలో 72 గంటలు ఉంచినా పొరలు విడిపోకూడదు, అదీ పరీక్ష. మీ గదిలో ఏసీ ఉండి కిటికీలు మూసే ఉంటే బీడబ్ల్యూఆర్ చాలు. ఏసీ లేకుంటే, గోడకు చెమ్మ ఉంటే 710 తీసుకోండి. ఎంఆర్ రకాన్ని ఐదు నిమిషాల బేరంలో కూడా ఒప్పుకోవద్దు.

ముద్ర ఉన్నంత మాత్రాన కళ్లు మూసుకొని కొనకండి. ఐఎస్ఐ ముద్ర ప్రతి పలక మీదా ఉండాలి, బిల్లులో రకం రాసి ఉండాలి. పలకను అంచువైపు నుంచి చూడండి, లోపలి పొరల మధ్య ఖాళీలు కనబడితే, వేలి కణుపుతో తట్టినప్పుడు ఒకచోట డొల్ల మోత వస్తే, అక్కడ మీ స్క్రూ గాలిలో దిగుతుంది. మందం వెర్నియర్ కాలిపర్స్‌తో కొలవండి, 19 అని అమ్మేవి 17 కూడా ఉండని సందర్భాలు చూశాను. పైపొర ఎర్రగా ఉంటే గొప్ప చెక్క అని ఒక నమ్మకం ఉంది, ఆ ఎరుపు చాలాసార్లు రంగు పూసినదే. లోపలి పొరలు జామాయిల్ వంటి గట్టి చెక్కవైతే పలక బరువుగా, స్క్రూ పట్టు బాగా ఉంటుంది, పోప్లార్ అయితే తేలికగా ఉంటుంది. అనుమానం ఉంటే జానెడు ముక్క అడిగి తెచ్చుకొని ఇంట్లో గిన్నెలో మూడు నాలుగు గంటలు మరిగించండి. నాసిరకం అంచులు పుస్తకంలా విచ్చుకుంటాయి.

స్పీకర్ పెట్టెల ప్రశ్నకు జవాబు సులువు. స్పీకర్ పెట్టె చిన్నది, అన్ని వైపులా మూసినది, దానికి కావలసింది అంతటా ఒకే తీరు సాంద్రత ఉండి మోగని గోడ. ఎండీఎఫ్ అందుకు దిట్ట, సన్నగా కోయవచ్చు, గుండ్రంగా తొలవవచ్చు. బల్లకు కావలసింది పొడవాటి దూరం వంగకుండా దాటడం, అంచులో దిగిన స్క్రూ పదేళ్లు కదలకుండా ఉండటం. అంచులో స్క్రూ దించితే ఎండీఎఫ్ పొరలుగా చీలుతుంది, నీళ్లు తగిలితే ఉబ్బి మళ్లీ తగ్గదు. ఒకే పనిముట్టు రెండు పనులకూ రాదు. ఈమధ్య హెచ్‌డీహెచ్‌ఎంఆర్ అనే చిక్కటి బోర్డు వస్తోంది, తేమకు ఎండీఎఫ్ కంటే చాలా నయం, బరువూ ఎక్కువే, మీ ర్యాకు పెట్టె పక్కలకు వాడుకోవచ్చు. చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే డబ్ల్యూపీసీ బోర్డుకు చెదలు పట్టవు, నీరు తగిలినా ఏమీ కాదు, అందుకే మన కోస్తాలో బాత్రూము తలుపుల చట్రాలకు అదే వేస్తున్నారు, కాని బరువు పెడితే ప్లాస్టిక్ బుద్ధి చూపించి సాగుతుంది, బల్ల పలకకు వద్దు.

వెల్డింగు చేయించడం ఇష్టం లేకపోతే అచ్చంగా ప్లైవుడ్‌తోనే చేయవచ్చు. ఎనిమిదడుగులకు నాలుగడుగుల పలక ఒకటి తీసుకుంటే ఐదడుగులకు రెండడుగుల ముక్కలు రెండు పక్కపక్కనే వస్తాయి, అవి రెండూ అతికితే మీ జంట పలక. మిగిలిన మూడడుగులకు నాలుగడుగుల ముక్కలో రెండు పక్క కాళ్లు కోయవచ్చు. వెనక నిలువు పట్టీకి మాత్రం మిగిలేది నాలుగడుగులే కనుక దాన్ని విడిగా కొనాలి. పలక కోయించేటప్పుడు బల్ల పొడవు పలక ఎనిమిదడుగుల వైపే రావాలి, పైపొర పోగు అటే నడుస్తుంది, అడ్డంగా కోస్తే బిరుసు తగ్గుతుంది. అతికేటప్పుడు తెల్ల జిగురు అంతటా పల్చగా పూసి, కింది నుంచి ఆరంగుళాలకు ఒక స్క్రూ చొప్పున బిగించి, మీద బరువులు పెట్టి ఒక రోజంతా వదిలేయండి. పైన సన్‌మైకా వేస్తే కిందివైపు కూడా వేయించాలి. ఒక్కవైపే వేస్తే పలక ఎండాకాలానికి అప్పడంలా ముడుచుకుంటుంది.

ర్యాకు పెట్టె కొలతలో పొరపాటు జరిగితే చెక్కంతా వృథా. ర్యాకు సామాను ముందుపలక వెడల్పు ఎక్కడి కంపెనీదైనా 19 అంగుళాలు, అంటే 482.6 మిల్లీమీటర్లు, ఒక యూనిట్ ఎత్తు 44.45 మిల్లీమీటర్లు. పెట్టె లోపలి వెడల్పు 485 నుంచి 487 మధ్య ఉంచి, బిగించే ఇనుప పట్టీలను లోపలివైపు స్క్రూలతో పట్టించండి. సామాను వేడెక్కుతుంది కాబట్టి వెనక తలుపు పెట్టకండి. కీబోర్డును సొరుగులా బయటికి లాగే చానళ్ల మీద పెట్టాలని చాలామందికి ఉంటుంది. పూర్తిగా లాగిన చానల్ మీద 22 కిలోలు, ఆపైన రెండు చేతుల ఒత్తిడి పడితే అది ఊగకుండా ఉండదు. కదలని అర చేయించుకోండి, దాని ముందు అంచు కింద కూడా ఒక పైపు ఉండాలి.

ప్రశ్న: మా తాతగారి ఇల్లు పడగొట్టినప్పుడు టేకు తలుపు రెక్కలు రెండు దాచి ఉంచాము. మా అమ్మాయి ఇంట్లో పాడుకాస్టు చేస్తుంది. ఒక రెక్కను అలాగే కాళ్ల మీద పెట్టి బల్లగా వాడవచ్చునా? (ఒక పాఠకురాలు, హనుమకొండ)

జవాబు: అమ్మా, అలాగే వద్దు. పాతకాలపు తలుపులో బరువు మోసేది చుట్టూ ఉన్న నిలువు, అడ్డ పట్టీలు. మధ్యలో కనిపించే ఫలకాలు గాడిలో వదులుగా కూర్చున్న సన్నటి పలకలు మాత్రమే. ఎండాకాలంలో కుంచించుకోవడానికి, వానాకాలంలో పొంగడానికి వీలుగా వాటిని ఆనాటి వడ్రంగులు కావాలనే అలా వదిలారు. మైకు స్టాండు పట్టుగొట్టం ఆ ఫలకానికి బిగిస్తే అది డప్పులా మోగుతుంది.

రెక్కను విప్పించి, నిలువు పట్టీలను వేరు చేయించండి. అవి సాధారణంగా అంగుళంన్నర మందం, నాలుగంగుళాల వెడల్పు ఉంటాయి, పైన నేను చెప్పిన వెనక నిలువు దూలానికి అంతకంటే మంచి చెక్క ఈరోజు కొనలేరు. పై పలకకు ప్లైవుడ్ వేసి, దాని ముందు అంచుకు టేకు పట్టీ తాపితే తాతగారి చెక్క మీ అమ్మాయి మణికట్టు ఆనే చోటే ఉంటుంది. రంపం పెట్టేముందు అయస్కాంతం అంతటా తిప్పి మేకులు ఉన్నాయేమో చూడమనండి, పాత తలుపులో ఒక్క మేకు తగిలితే రంపపు బిళ్ల పోతుంది. అంచుల్లో పాలిపోయిన తెల్ల చెక్క ఉంటే కోయించేయండి. టేకులో చెదలను ఆపేది చేవ భాగమే, తెల్ల భాగం కాదు.

ఫలకాలు కూడా అతికించి అచ్చంగా టేకు పలకే చేయించాలనుకుంటే ఒక జాగ్రత్త. టేకు తక్కువగా కదిలే చెక్కే అయినా, రెండడుగుల వెడల్పు మీద ఋతువుకూ ఋతువుకూ రెండు మూడు మిల్లీమీటర్లు పెరిగి తరుగుతుంది. కాబట్టి ఇనుప చట్రానికి బిగించే రంధ్రాలను గుండ్రంగా కాక, వెడల్పు దిశలో పొడవుగా గాడిలా తీయించాలి. లేకుంటే పలక అయినా చీలుతుంది, స్క్రూ అయినా వంగుతుంది.

ప్రశ్న: హైదరాబాదులో అద్దె ఇంట్లో ఉంటాను, ఏడాదికో ఇల్లు మారాలి. విప్పి మళ్లీ బిగించుకోగలిగే బల్లకు ఏమి వాడాలి? (ఒక పాఠకుడు, మియాపూర్)

జవాబు: చెక్కలోకి నేరుగా దిగే స్క్రూ ఒక్కసారి పని. విప్పి మళ్లీ బిగించిన ప్రతిసారీ దాని పట్టు సడలుతుంది, పార్టికల్ బోర్డులో రెండోసారికే పొడి రాలుతుంది. అందుచేత కాళ్లకూ పలకకూ మధ్య బోల్టు, నట్టు, వెడల్పాటి వాషర్ వాడండి. ప్లైవుడ్ లోపల పళ్లతో దిగబడే టీ-నట్లు హార్డ్‌వేర్ కొట్లలో దొరుకుతాయి, అవి బోల్టు తల ఉండే వైపు కాక, దానికి ఎదురువైపు నుంచి కొట్టాలి, అప్పుడే బోల్టు బిగించేకొద్దీ పళ్లు చెక్కలోకి దిగుతాయి. ఇనుప చట్రాన్ని రెండు పక్క భాగాలు, ముందూ వెనకా విడి పైపులుగా చేయించుకుంటే లిఫ్టులో నిలువుగా పట్టుకుపోవచ్చు.

ప్రశ్న: మా ఊళ్లో కడప బండ చౌక. స్పీకర్ల అదురు రాకుండా బల్ల పైన మొత్తం బండే పరిస్తే ఎలా ఉంటుంది? (ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు)

జవాబు: ఐదడుగులకు రెండడుగులు, 20 మిల్లీమీటర్ల మందం ఉన్న బండ ఒక్కటే 50 కిలోల బరువు తూగుతుంది. అంటే సామాను పెట్టకముందే చట్రం మీద సగం భారం పడింది. వంటగట్టు మీద అది పదికాలాలు ఉండటానికి కారణం కింద దగ్గర దగ్గరగా గోడల ఆసరా ఉండటమే. రాయి నలిగే ఒత్తిడికి గట్టిది, వంపుకు పెళుసు, నాలుగడుగుల ఖాళీ మీద గట్టి దెబ్బ పడిన రోజున చెప్పకుండా విరగవచ్చు. తీగలకు రంధ్రాలు, తెరల చేతులు బిగించే క్లాంపులు దానితో కుదరవు. శబ్దం విషయంలోనూ లాభం లేదు, స్పీకరు నుంచి వచ్చే ధ్వని నున్నటి బల్ల మీద పడి మళ్లీ చెవికి చేరి అసలు ధ్వనితో కలగాపులగం అవుతుంది, రాయి అయినా సన్‌మైకా అయినా ఈ దోషం ఒకటే. స్పీకర్లను బల్ల మీంచి తీసి విడి స్టాండ్ల మీద పెట్టడం దీనికి మంచి మార్గం.

చోటు లేక బల్ల మీదే పెట్టాలంటే మీ కడప బండ పనికొస్తుంది, కాని ముక్కలుగా. అడుగుకు అడుగు ముక్కలు రెండు కోయించండి, ఒక్కొక్కటి ఐదు కిలోలు ఉంటుంది. బల్ల మీద అంగుళం మందం గట్టి ఫోము, దాని మీద బండముక్క, దాని మీద స్పీకరు. ఫోము ఎంచుకునేటప్పుడు మెత్తదనం చూడండి, బండా స్పీకరూ ఎక్కిన తరువాత అది మూడోవంతు మాత్రమే అణగాలి, పూర్తిగా చదునైపోతే అదురు నేరుగా బల్లలోకి దిగుతుంది.